తెర మీద కంటే ముందు క్యాసెట్లో చూసిన సినిమాలు

పదిహేను, పదహారేళ్ళ వయసులో ప్రాణంగా ఇష్టపడిన సినిమాలను నలభై దాటాక మళ్ళీ చూస్తే ఆ ఇష్టం నిలుస్తుందా, కరిగిపోతుందా అని మీరు అడిగారు. నా విషయంలో రెండూ జరిగాయి. కాకపోతే నిలుస్తుందనుకున్న చోట నిలవలేదు, కరుగుతుందనుకున్న చోట కరగలేదు.

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మాయి, "నా వయసులో నువ్వు ఏ సినిమాలు చూసేదానివమ్మా?" అని అడిగింది. దానికి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని నేను 1998 నుండి 2003 వరకు వచ్చిన ప్రేమకథలను, కాలేజీ కథలను ఏరి, రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చొప్పున ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చూపించాను. నాలుగో రోజుకల్లా నాకొక సంగతి అర్థమైంది. ఇరవై ఏళ్ళకు పైగా నేను మనసులో దాచుకున్న సినిమాలకూ, టీవీలో నడుస్తున్న సినిమాలకూ పాటలు తప్ప పెద్దగా ఏమీ కలవడం లేదు. మరచిపోవడం వల్ల వచ్చిన తేడా కాదది. ఆ సినిమాలను నేను మొదట చూసింది కళ్ళతో కాదు, చెవులతో.

అదెలాగో చెప్పాలంటే, చెన్నైలో తెలుగు ఇంట్లో పెరగడం అప్పట్లో ఎలా ఉండేదో కొంత చెప్పాలి. మాది సాలిగ్రామం. నాన్నగారు ఇక్కడే పుట్టి పెరిగినవారు, అమ్మ నెల్లూరు నుండి ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. తెలుగు సినిమా పరిశ్రమ చాలా వరకు హైదరాబాదుకు తరలిపోయినా, మా పేటలోనూ, ఆనుకుని ఉన్న వడపళనిలోనూ రికార్డింగు థియేటర్లు, డబ్బింగు హాళ్ళు, వాటి మీద ఆధారపడి బతికే తెలుగు కుటుంబాలు ఇంకా మిగిలే ఉండేవి. అయినా తెలుగు సినిమాను హాల్లో చూడడం మాత్రం మాకు అంత తేలిక కాదు. కొత్త సినిమా వస్తే ఊరు మొత్తం మీద ఏ ఒకటి రెండు హాళ్ళలోనో వచ్చేది, అదీ చాలాసార్లు అన్నా సాలై, అంటే మౌంట్ రోడ్డు, చుట్టుపక్కల వచ్చేది, మేము వెళ్దామని తేల్చుకునేలోపు వెళ్ళిపోయేది. ఇద్దరు ఆడపిల్లలను, మోకాళ్ళ నొప్పులున్న నానమ్మను వెంటబెట్టుకుని బస్సులో మౌంట్ రోడ్డు దాకా వెళ్ళి రావడం నాన్నగారికి జీతం అందిన మొదటి ఆదివారం తప్ప కుదిరేది కాదు. ఈమధ్య తెలుగు సినిమా అనగానే ఇక్కడి మనవాళ్ళకు క్యాసినో హాలు గుర్తుకొస్తుంది. మాకు అప్పుడు తెలుగు సినిమా అంటే నెల్లూరులో గడిపే సంక్రాంతి సెలవులు.

క్యాసెట్టు మాత్రం ఎవరి కోసమూ ఆగేది కాదు. మా రెండో మేనమామ కొడుకు, వరుసకు నాకు బావ, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వచ్చినప్పుడల్లా చేతిసంచిలో ఒక కొత్త క్యాసెట్టు తెచ్చేవాడు. దానిని మేము తిరిగి ఇచ్చేలోపు 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించుకునేవాళ్ళం, అట్ట లోపల ఉన్న పాటల పట్టికను, రాసినవారి పేర్లను, పాడినవారి పేర్లను నేను దస్తూరీ దిద్దుకుంటున్నంత శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకునేదానిని. ఆ అట్ట మీద అగ్గిపెట్టెంత బొమ్మ ఉండేది. హీరో, హీరోయిను, వెనుక ఏదో కొండో, కాలేజీయో. ఆ బొమ్మ నుండి, ఆరేడు పాటల నుండి నేను మొత్తం సినిమాను అల్లుకునేదానిని. మొదటి పాట ఎక్కడ వస్తుంది, విషాద గీతం ఎవరి పెళ్ళి చూపులప్పుడు వస్తుంది, చివరి పాటకు ముందు ఎవరు ఎవరిని క్షమిస్తారు, అన్నీ నేనే నిర్ణయించేదానిని. సినిమా చేతికందేసరికి నా సినిమా వంద రోజులు ఆడేసి ఉండేది.

వీటన్నిటిలో నేను ఎక్కువ కష్టపడి తీసిన చిత్రం "నువ్వే కావాలి". అది 2000 అక్టోబరులో విడుదలైంది, నేను చూసింది తరువాతి జనవరిలో, నెల్లూరులో. మధ్యలో మూడు నెలల పాటు కోటిగారి పాటలు మాత్రమే నా దగ్గర ఉన్నాయి. నా కథలో ఆ అమ్మాయి మిద్దె మీద ఆరబెట్టిన వడియాలను వాన మొదలవుతుండగా పరుగున తీస్తుంటుంది, ఎదురింటి అబ్బాయి ఏమీ మాట్లాడకుండా గోడ దూకి వచ్చి బట్టలన్నీ తీసి బుట్టలో వేసి వెళ్ళిపోతాడు, ఆ తరువాత పాట. నెల్లూరులో అసలు సినిమా చూస్తున్నంతసేపూ ఆ సన్నివేశం కోసం ఎదురుచూశాను. రాలేదు. మొదటి అరగంట మోసపోయినట్టే అనిపించింది, తరువాత మాటలకు నవ్వుతూ దారిలో పడ్డాను. విచిత్రమేమిటంటే, ఆ రోజు అసలుది చూసిన తరువాత కూడా నా మనసులో నాదే నిలిచింది. పోయిన వేసవిలో చూస్తున్నప్పుడు మళ్ళీ ఆ వడియాల సన్నివేశం కోసం కాచుకుని కూర్చున్నాను. పూర్తయ్యాక మా చెల్లెలికి ఫోను చేసి, "ఆ వాన సీను తీసేసి వేస్తున్నారేమిటే టీవీలో?" అని అడిగితే అది కాసేపు ఆలోచించి, "అక్కా, అది మన మిద్దె. ఆ గోడ దూకింది బావ," అంది.

ఆ తరువాత నేను ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు. బావకు ఇప్పుడు నెల్లూరులో మందుల దుకాణం ఉంది, ఇద్దరు కొడుకులున్నారు, నేను పెళ్ళాడింది వేరొకరిని, ఎవరికీ ఏ బాధా లేదు. కాని పదహారేళ్ళ పిల్ల తన ఇంటి మిద్దెను ఇంకొకరి సినిమాలో పెట్టి, ఇన్నేళ్ళూ దానిని సినిమా జ్ఞాపకంగా నమ్ముకోవడం నాకు నవ్వూ, కొంచెం సిగ్గూ తెప్పించింది.

పాటలకు అంటుకున్నవి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2003, 2004 ప్రాంతంలో చెన్నైలో నీళ్ళకు కటకట వచ్చినప్పుడు మా వీధికి మెట్రో వాటర్ లారీ ఏ వేళకు వస్తుందో తెలిసేది కాదు. రంగురంగుల ప్లాస్టిక్ బిందెలను వరుసలో పెట్టి, ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ పని నాది. చెవుల్లో వాక్‌మన్, అందులో అప్పటికే రెండేళ్ళ పాతబడిన ఆర్.పి. పట్నాయక్ పాటలు. "మనసంతా నువ్వే", "నువ్వు నేను", "జయం" పాటలు ఈనాటికీ ఎక్కడ వినిపించినా నాకు ఉదయ్ కిరణ్, నితిన్‌ల కంటే ముందు ఆకుపచ్చ బిందె గుర్తుకొస్తుంది. చంటి పిల్లను చంకనేసుకుని వరుసలో నిలబడే ఎదురింటి తమిళావిడకు కూడా ఆ పాటలు నచ్చేవి. ఒక చెవి తీగ ఆమెకు ఇచ్చేదానిని. అర్థం అడిగితే నేను తమిళంలో చెప్పేదానిని, చెబుతున్నప్పుడు పాట కంటే అర్థం పలుచగా ఉందని నాకే తెలిసిపోయేది.

రెండు భాషల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ విషయంలో దక్కిన అదృష్టం మరొకరికి దక్కదు. 1996లో వచ్చిన "ప్రేమదేశం" బావకు తెలుగు సినిమా, నాకు అది మా ఊళ్ళో తీసిన తమిళ సినిమా. ఇద్దరం ఒకే పాటను చెరొక భాషలో పాడుతూ ఎవరిది అసలుదో తేల్చుకోలేక పోట్లాడుకునేవాళ్ళం. మణిరత్నంగారి "సఖి" 2000లో వచ్చినప్పుడు నాకు తమిళంలో వైరముత్తు మాటలూ, తెలుగులో వేటూరి మాటలూ రెండూ కంఠస్థం. కోడంబాక్కం స్టేషనులో తాంబరం లోకల్ ఎక్కి కాలేజీకి వెళ్ళే రోజుల్లో, ఆ సినిమాలో ప్రేమ మొదలయ్యే ఎలక్ట్రిక్ రైలులోనే నేనూ వెళ్తున్నానన్న గర్వం నాకు చాలాకాలం ఉండేది. మహిళల పెట్టెలో చెమటతో, మల్లెపూల వాసనతో, చేపల బుట్టల వాసనతో కిక్కిరిసి వెళ్ళే ప్రయాణంలో మాధవన్ ఎక్కడి నుండి వస్తాడన్న ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు.

అటు నుండి ఇటు వచ్చినట్టే ఇటు నుండి అటు కూడా వెళ్ళేవి. తేజ దర్శకత్వంలో నితిన్‌ను పరిచయం చేస్తూ 2002లో తెలుగులో వచ్చిన "జయం"ను మరుసటి ఏడు రాజా తమిళంలో తీశారు. కథానాయిక సదా, ప్రతినాయకుడు గోపీచంద్ రెండింటిలోనూ వారే, సంగీతమూ పట్నాయక్‌గారిదే. హీరోగా దర్శకుని తమ్ముడు రవి పరిచయమయ్యారు, ఆ సినిమా పేరే ఆయన పేరుకు ముందు చేరి ఆయన జయం రవి అయ్యారు. కాలేజీలో నా తమిళ స్నేహితురాళ్ళు ఆ పాటలు పాడుతుంటే "ఇవి మావి" అని నేను అనకుండా ఉండలేకపోయేదానిని. "మరి సఖి పాటలు ఎవరివి?" అని వాళ్ళు అడిగితే జవాబుండేది కాదు. "నువ్వే కావాలి" కథ ఈ లెక్కలో ఇంకా గమ్మత్తైనది. అది 1999లో మలయాళంలో వచ్చిన "నిరం"కు తెలుగు రూపం. అదే కథ 2001లో తమిళంలోనూ వచ్చింది, మలయాళంలో నటించిన షాలినియే తమిళంలోనూ నటించారు. తెలుగులో హీరోగా వచ్చిన తరుణ్ అంతకు పదేళ్ళ ముందు "అంజలి"లో బాలనటుడు. నెల్లూరు హాల్లో తరుణ్ తెర మీదకు రాగానే మా నాన్నగారు పక్కవరుసకు కూడా వినిపించేలా, "వీడు మన అంజలి పిల్లవాడు కదూ, ఎంత ఎదిగాడో!" అన్నారు, తన సొంత మేనల్లుడిని చాలాకాలానికి చూసినట్టు.

ఇక మీరు అసలు అడిగినదానికి వస్తాను. మళ్ళీ చూసినప్పుడు ఏవి నిలిచాయి?

నేను అనుకున్నదానికంటే బాగా నిలిచింది "తొలిప్రేమ". 1998 నాటి ఆ చిత్రాన్ని తీసిన కరుణాకరన్, సంగీతమిచ్చిన దేవా ఇద్దరూ తమిళులే కావడం వల్ల మా ఇంట్లో దానిని సగం మన ఊరి సినిమాగా లెక్కవేసేవాళ్ళం. అందులోని అబ్బాయి తన ప్రేమను చెప్పలేక దాచుకుంటాడు, ఆ అమ్మాయి మాత్రం తన పై చదువు లక్ష్యాన్ని కథ చివరి దాకా మరచిపోదు. మా అమ్మాయికి హీరో కంటే అదే నచ్చింది. "చివరకు ఆమెను చదువుకోవడానికి పంపించాడు కదా, చాలు," అని సర్టిఫికెట్టు ఇచ్చింది. నేను పద్నాలుగేళ్ళప్పుడు ఆ విమానాశ్రయం దృశ్యానికి ఏడ్చింది ఆమె వెళ్ళిపోతున్నందుకు; ఇప్పుడు కళ్ళు చెమర్చింది ఆమె వెళ్ళగలిగినందుకు.

నిలవనివి కూడా చెప్పాలి. పేర్లు పెట్టి ఒక్కొక్కదాన్నీ బోను ఎక్కించడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ దోషం ఏ ఒక్క సినిమాదీ కాదు. అమ్మాయి కాదన్న తరువాత వెంటపడడం, ఆమె హాస్టలు ముందు, బస్సు వెనుక, ఇంటి ముందు కాపు కాయడం, దానికి స్నేహితులంతా సాయం పట్టడం, దానిని ప్రేమ అనడం అప్పటి కథల్లో ఎంత సహజంగా ఉండేదో, మా అమ్మాయి పక్కన కూర్చుని చూస్తే తప్ప నాకు తెలియలేదు. అది ఏమీ అనలేదు, మధ్యలో ఒకసారి నా వైపు చూసింది, అంతే. నేను అదే కాలేజీ రోజుల్లో కోడంబాక్కం స్టేషను నుండి ఇంటి దాకా వెనుకాలే నడిచి వచ్చిన ఒకతని వల్ల నెల రోజులు దారి మార్చుకుని తిరిగిన మనిషిని. తెర మీద చూస్తే పాట పాడుకున్నాను, వీధిలో జరిగితే భయపడ్డాను, రెండూ ఒకటేనని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, నాకుగా తోచనూలేదు.

దీనికి ఎదురుగా, అప్పుడు మా ఇంట్లో చూడనివ్వని "చిత్రం" నాకు ఇప్పుడు నిజాయితీ ఉన్న సినిమాగా కనిపించింది. చదువుకునే వయసులో అబ్బాయి, అమ్మాయి తల్లిదండ్రులు కావడం అన్న కథ విని 2000లో అమ్మ ఆ క్యాసెట్టును కూడా బీరువా పైన పెట్టేసింది. చూస్తే అందులో తొందరపాటుకు పర్యవసానం ఉంది, రాత్రిళ్ళు ఏడ్చే పసిబిడ్డ ఉంది, చేతిలో డబ్బు లేకపోవడం ఉంది. అమ్మ దాచిపెట్టవలసిన సినిమా అది కాదేమో, నేను స్వేచ్ఛగా చూసిన మిగతావేనేమో అనిపించింది. "నువ్వు నేను"లో మాత్రం మా అమ్మాయి ప్రేమ సన్నివేశాలప్పుడు ఫోను చూసుకుని, ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారి లెక్చరరు పాత్ర వచ్చినప్పుడల్లా తల ఎత్తి పడిపడి నవ్వింది. ఆ హాస్యానికి ఏమీ వయసు మీద పడలేదు.

ఉదయ్ కిరణ్ గురించి రాయకుండా ఈ సమాధానం ముగించలేను. నా తరం ఆడపిల్లల నోటుబుక్కుల్లో ఆయన బొమ్మ లేనిది అరుదు. అమ్మకు నా ఇష్టం వేళాకోళంగా ఉండేది, ఎందుకంటే ఆమె యవ్వనం నాటి సినిమా వేరు. పెళ్ళికి ముందు 1978లో ఇక్కడి పెద్దమ్మ ఇంటికి వచ్చినప్పుడు ఆమె సఫైర్ థియేటరులో "మరో చరిత్ర" చూసింది. కె. బాలచందర్‌గారు విశాఖపట్నంలో తీసిన ఆ తెలుగు చిత్రం తమిళంలోకి డబ్బింగు కాకుండానే, తెలుగులోనే, ఈ ఊళ్ళో ఏడాదికి పైగా ఆడింది. ఆ హాలు ఇప్పుడు లేదు. కమల్ హాసన్, సరితల తరువాత ప్రేమకథలు తీయడం దండగ అన్నది అమ్మ తీర్పు. అలాంటిది, 2006లో ఆ బాలచందర్‌గారే ఉదయ్ కిరణ్‌ను హీరోగా పెట్టి "పొయ్" అనే తమిళ సినిమా తీశారని తెలిసినప్పుడు మా ఇద్దరికీ ఒకే రకమైన సంబరం. అమ్మ తన దర్శకుని కోసం, నేను నా హీరో కోసం, అమ్మా కూతుళ్ళం ఇద్దరమే వెళ్ళాం. హాల్లో జనం లేరు. సినిమా ఆడలేదు, దర్శకుడిగా ఆయనకు అదే చివరి చిత్రమైంది. తిరిగి వస్తూ అమ్మ, "మీ వాడి కళ్ళు మంచివే," అంది. ఆమె నోట అంతకు మించిన మెప్పు రాదు. 2014 జనవరిలో ఉదయ్ కిరణ్ మరణవార్త వచ్చిన ఉదయం మొదట నాకు ఫోను చేసింది కూడా అమ్మే. అప్పటికి ఆయనకు 33 ఏళ్ళు. ఆ తరువాత చాలా నెలలు ఆ పాటలు వినలేకపోయాను, ఇప్పుడు వినగలుగుతున్నాను.

చివరగా ఒక చిన్న సంగతి. మా ఇంటి కింది వాటాలో ఒక బాబాయి ఉండేవారు. రక్తసంబంధం కాదు, నాన్నగారితో పాటు పెరిగినందువల్ల ఆ వరుస. తమిళ సినిమాలు తెలుగులోకి డబ్బింగు అయ్యేటప్పుడు గుంపులో గొంతు ఇచ్చేవారు. ఒక్క మైకు చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి పెళ్ళిలో చుట్టాలుగా, కాలేజీలో విద్యార్థులుగా, రోడ్డు మీద జనంగా అరవడం, సాయంత్రానికి బేటా (రోజు భత్యం) డబ్బులు తీసుకుని, మాకు తేన్‌మిఠాయి పొట్లం పట్టుకుని రావడం ఆయన దినచర్య. "నా గొంతు వినిపించే సినిమా వస్తే చూపిస్తానమ్మా," అనేవారు. ఎన్నడూ చూపించలేదు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది.

పోయిన వేసవి ఆఖరి వారంలో, నేను తమిళంలో మాత్రమే చూసి ఉన్న ఒక కాలేజీ కథను మా వారి కోసం తెలుగులో పెట్టాను. ఏ సినిమానో చెప్పను, బాబాయి పేరు అందులో ఎక్కడా పడలేదు. సగంలో, కథానాయకుడు పరుగెత్తుకుంటూ బస్సు ఎక్కబోయే చోట, తెర మీద కనిపించని ఒక కండక్టరు, "ఎక్కు బాబూ, త్వరగా ఎక్కు," అన్నాడు. నేను చటుక్కున రిమోటు అందుకుని వెనక్కి తిప్పాను. మా అమ్మాయి ఏమైందమ్మా అని అడుగుతోంది. మళ్ళీ పెట్టాను, ఇంకా పెట్టాను. అదే గొంతు, "త్వరగా" అన్న మాటను "తొరగా" అనే అదే మా బాబాయి గొంతు. చెల్లెలికి వీడియో కాల్ చేసి, ఏమీ చెప్పకుండా ఆ మూడు క్షణాలు వినిపించాను. అది, "బాబాయే, ఇంకోసారి పెట్టవే," అంది.